తోడు నీళ్లు

చిన్నాయన పోయాక మొదటిసారి హోసూరు వెళ్లినప్పుడు, ఆయన అంగడి తలుపు తీసి దుమ్ము దులుపుతూ ఉన్నాను. గాజుతొట్లు అప్పటికే ఎవరెవరికో ఇచ్చేశారు. గోడల మీద నీటి మరకలు, మూల ఒక రబ్బరు గొట్టం, ఎండిపోయిన నాచు వాసన మిగిలాయి. అంతలో స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చి దిగింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో నీళ్లు, నీళ్లలో వేలెడంత చేప. "అక్కా, అంకుల్ లేరా? దీని తోక రాలిపోతా ఉండాది" అంది. అంకుల్ లేడని, ఇంక రాడని చెప్పాను. ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని వెనక్కి తిరగబోతే నేనే ఆపి, కవరును వెలుతురుకు ఎత్తి చూశాను. తోక అంచు తెల్లగా నలిగి, పీలికలుగా ఉంది. చెప్పవలసింది చెప్పి పంపించాను. పుస్తకాలు రాసుకునే మనిషికి చేపల వైద్యం ఎక్కడ అబ్బిందని ఎవరైనా అడిగితే ఏం చెప్పను? తినడం మాట అటుంచి, చేప అన్న మాటే నోటితో పలకని ఇంట్లో అబ్బిందని చెప్తే నమ్ముతారా?

మాది పచారీ అంగడి. ముందర అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక చీకటి నడవ. బడి నుంచి వచ్చి ఆ నడవలో కాలు పెడితే చాలు, బెల్లం, చింతపండు, గోనెసంచులు, ఎండుమిరపకాయల ఘాటు అన్నీ కలిసి ముక్కుకు తగిలేవి. ఈ వాసన నా బట్టలకూ పుస్తకాలకూ కూడా పట్టి, క్లాసులో నా పక్కన కూర్చున్న వాళ్లకు తుమ్ములు వచ్చేవి. గల్లాపెట్టె దగ్గర తాత. నశ్యం డబ్బీ ఒక పక్క, విసనకర్ర ఇంకో పక్క. మా తాత లెక్క తెలుగులో చేసేవాడు, బేరం తమిళంలో ఆడేవాడు, కోపం వస్తే కన్నడంలో తిట్టేవాడు. మూడు భాషల్లోనూ మాట మాత్రం ఒకటే, వెనక్కి తీసుకునే అలవాటు లేదు. మా నాయన ఆయన పక్కన తక్కెడ పట్టుకుని పెరిగాడు, అక్కడే స్థిరపడ్డాడు. చిన్నాయన మాత్రం తక్కెడ దగ్గర కూర్చోబెడితే వీధిలోకి చూస్తూ పావుకిలోకు అరకిలో తూచేవాడు.

ఆయనకు చేపల పిచ్చి ఎట్లా పట్టిందో ఎవరికీ తెలియదు. అంగడి సరుకు కోసం బెంగుళూరు వెళ్లి, ఒకసారి పప్పు మూటతో పాటు ఒక గాజుతొట్టి, కవరులో కొన్ని చిన్న చేపలు పట్టుకొచ్చాడు. మోలీలు, గప్పీలు. బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాడట, ప్యాంటు మోకాళ్ల దాకా తడిసిపోయింది. అవ్వ గుమ్మంలోనే అడ్డం నిలబడింది. మేము ఉల్లిపాయ కూడా వారాలు చూసుకుని తినే మనుషులం. "పెంచేదానికే గాని తినేదానికి కాదమ్మా" అని చిన్నాయన బతిమాలితే, చివరికి నడవలో ఒక మూల చోటు ఇచ్చింది. అయినా చేప అనేది కాదు. 'ఆ జీవాలు' అనేది. నెల తిరగకుండా ఆ జీవాలకు పేర్లు పెట్టింది కూడా ఆమే. అన్నిటిలోకి పెద్దది ఒక నల్ల మోలీ. విసనకర్ర లాంటి తోక, బొగ్గు కంటే నలుపు. దానికి నల్లోడు అని పేరు.

మా అంగడిని ఆనుకుని ఒక చిన్న గది ఖాళీగా ఉండేది. అందులో రంగుచేపల అంగడి పెడతానని చిన్నాయన అడిగాడు. అదే గదిని ఎస్టీడీ బూతుకు అద్దెకు ఇమ్మని ఒకాయన తాత చుట్టూ తిరుగుతున్నాడు. ఊరినిండా ఫ్యాక్టరీలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పనివాళ్లు, సాయంత్రమైతే ఊళ్లకు ఫోను చేసుకోవడానికి బూతుల ముందు వరసలు. ఆ రోజుల్లో బూతు అంటే కూర్చున్నచోట రాబడి. చేపలు ఎవరు కొంటారు? తాత నశ్యం పీల్చి తీర్పు చెప్పాడు. "జీవాన్ని అమ్మేవాడు ముందు జీవాన్ని నిలబెట్టాల. ఉగాది దాకా చూస్తాను. ఆ తొట్లో ఒక్కటి సచ్చినా గది బూతుకు పోతాది, నువ్వు తక్కెడ కాడికి పోతావు. ఆ పైన మాట్లాడేదానికి ఏమీ లేదు." చిన్నాయన సరే అన్నాడు. నేను అప్పుడు ప్లస్‌వన్, అంటే పదకొండో తరగతి చదువుతున్నాను. ఆయన గెలవాలని నాకు ఆయనకంటే ఎక్కువ పట్టుదలగా ఉండేది. ఆ ఇంట్లో తనకంటూ ఒక కోరిక ఉందని పైకి చెప్పినవాడు ఆయన ఒక్కడే. ఆయన ఓడిపోతే ఇంక మా ఎవరికీ కోరికలు ఉండకూడదని తేలిపోతుంది అనిపించేది.

చలి ముదిరిన రోజుల్లో నల్లోడి తోక అంచున తెల్లటి గీత కనిపించింది. ముందు నేనే చూశాను. సున్నం అంటిందేమో అనుకున్నాను. కొన్ని రోజులకు ఆ గీత పీలికలైంది, తోక లోపలికి తినుకుంటూ వచ్చింది. రెండు గప్పీల రెక్కలు కూడా ముడుచుకుపోయాయి. అంతే, ఇంటిల్లిపాదీ వైద్యులైపోయారు. ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయని నాయన, దిష్టి తగిలిందని అవ్వ, చలికి పగిలిందని అమ్మ. చలి మాటలో కొంత నిజం ఉందని తొట్టి మీద బల్బు వేలాడదీశాం. చిన్నాయన బూతుకు పోయి బెంగుళూరులో చేపలు అమ్మిన మనిషికి ఫోను చేశాడు. గది కోసం కాచుకుని ఉన్న ఆయన బూతే అది, ఆయన నవ్వు మొహంతో మీటరు చూస్తూ విన్నాడట. అవతలి మనిషి తమిళంలో నీల మరుందు వెయ్యమన్నాడు, పూర్తి పేరు చెప్పేలోపు లైను తెగింది. చిన్నాయన ఇంటికొచ్చి 'నీలిమందు కావాలంట' అన్నాడు. మా నాయన, పాపం మంచి మనసుతోనే, లోపలికి పోయి బట్టలకు వేసే నీలం పొట్లాం తీసుకొచ్చి, "మన అంగట్లోనే ఉండగా బెంగుళూరుకు ఎందుకప్పా పరిగెత్తేది?" అన్నాడు. పొట్లాం విప్పి తొట్టి మీద వంచబోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. నల్లోడు చొక్కా కాలరు కాదని చిన్నాయన అరిచాడు. ఆ రోజంతా అన్నదమ్ములు మాట్లాడుకోలేదు.

అసలు మందు, మిథిలీన్ బ్లూ, తరవాత తెప్పించాం. దాన్ని తొట్లో వెయ్యకుండా నల్లోడిని వేరే సీసాలోకి మార్చి అందులో వేశాం. ఊరగాయ పెట్టే పెద్ద గాజుసీసా, అమ్మ ఎన్నిసార్లు కడిగినా ఆవ వాసన పోదని వదిలేసింది, దాన్ని వేడినీళ్లతో కడిగి ఎండలో పెట్టి వాడాం. ఆ నీలిరంగు నీళ్లలో నల్లోడు అడుగున కూర్చుని ఊపిరి మాత్రం తీసేది. రోజూ పొద్దున్నే అందరికంటే ముందు లేచి సీసా తడితే అది కళ్లు తిప్పేది, ఆ పూటకు నాకు ధైర్యం వచ్చేది. రెండు రోజులు బాగుండేది, మళ్లీ తొట్టిలోకి వదిలితే మళ్లీ మొదలు. కుళ్లు తోక మొదలును దాటి ఒంట్లోకి పోతే ఇంక బతకదని తెలుసు. ఇంకా వేలి గోరంత దూరం ఉంది.

పశువుల డాక్టరుకు చూపిద్దామని చిన్నాయన అన్నాడు. కృష్ణగిరిలో ఒకాయన కుక్కలకూ పిల్లులకూ కూడా చూస్తాడని ఎవరో చెప్పారు. సీసాను తువ్వాలుతో చుట్టి, బస్సులో కిటికీ పక్కన నేను, నా ఒళ్లో నల్లోడు. అక్కడ అన్నీ ఎద్దులు, మేకలు, ఒకరి చంకలో కోడి. చీటీ రాసే మనిషి తల ఎత్తకుండా తమిళంలో "మాడా, ఆడా?" అని అడిగాడు. ఆవా, మేకా అని. చిన్నాయనకు తమిళం రాక కాదు, రోజూ అంగట్లో మాట్లాడేదే. కానీ ఆ పూట ప్రాణమంతా సీసాలో ఉంది, చెవికి 'ఆడా' అన్నదొకటే తగిలింది. "కాదప్పా, మగదే" అన్నాడు తెలుగులో. చీటీ రాసే మనిషి అప్పుడు తల ఎత్తి సీసా చూశాడు. వరసలో ఉన్న రైతులు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. నాకు చచ్చేంత సిగ్గేసింది. చిన్నాయన మాత్రం కదల్లేదు. వంతు వచ్చేదాకా ఎద్దు కొమ్ముకు సీసా తగలకుండా రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు.

డాక్టరు కుప్పం వైపు తెలుగు మనిషి, మాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన నవ్వలేదు. సీసా తిప్పి తిప్పి చూసి, "ఎద్దుకు రోగమొస్తే ఎద్దును చూస్తానమ్మా. దీనికొస్తే నీళ్లను చూడాల. మీరు మందు బాగానే వేసినారు, అయోడిన్ కలపని ఉప్పు కొంచిం వెయ్యండి, మోలీలకు పడతాది. అయితే మందు తీసినాక మళ్లీ మళ్లీ వస్తా ఉండాదంటే రోగం తొట్లో ఉండాది, తోకలో లేదు. తొట్లో ఏం మారతా ఉండాదో చూడండి" అన్నాడు. కల్లుప్పుకు మాకేం కొదవ, అంగడి ముందర మూటలే ఉన్నాయి. కానీ తొట్లో ఏం మారుతోంది? దాన్ని మా ఇంట్లో చూసుకున్నంత శుభ్రంగా ఊళ్లో ఎవరూ చూసుకోరని తిరుగుదారి పొడుగునా చిన్నాయన గొణుగుతూనే ఉన్నాడు.

ఆ శుభ్రం సంగతి చెప్పాలి. శుక్రవారం మా ఇంట్లో నేల, గోడ, గడప, బిందె, దీపం కుంది, ఏదీ కడగకుండా మిగిలేది కాదు. తెల్లవారక ముందే చింతపండు పులుపు వాసన, ఆ వెనక పసుపు, ఆ వెనక సాంబ్రాణి. నిలవ నీళ్లు ఇంట్లో ఉండకూడదు. తొట్టి వచ్చిన మొదటి వారమే అవ్వ దాన్నీ ఈ కడుగుడులో చేర్చేసింది. బెంగుళూరు మనిషి వారానికోసారి నీళ్లు మార్చమని చెప్పాడు కదా. నీళ్లు మార్చడం అంటే మా ఇంట్లో ఒకటే అర్థం, ఉన్నదంతా పారబోసి, పాత్ర తోమి, కొత్తవి పట్టడం. చేపల్ని బకెట్లోకి తీసి, అద్దాలు విభూదితో రుద్ది, అడుగున ఉన్న గులకరాళ్లను పప్పు కడిగినట్టు తెల్లనీళ్లు వచ్చేదాకా కడిగి, కుళాయి నీళ్లు నింపేది. శుక్రవారం మధ్యాహ్నానికి తొట్టి తళతళలాడుతూ ఉండేది. చిన్నాయన దాన్ని చూసుకుని మురిసిపోయేవాడు, వచ్చినవాళ్లకు చూపించేవాడు.

ఒక శుక్రవారం అవ్వ వేప్పనపల్లిలో చుట్టాల పెళ్లికి పోయింది. అమ్మకు నడుము నొప్పి. తొట్టిని ఎవరూ కడగలేదు. నీళ్లు కొంచెం మసకగా, అద్దం మీద పచ్చగా పొర కట్టింది, అవ్వ వచ్చి చూస్తే ఏమంటుందోనని నాకు భయం. కానీ ఆ వారం గప్పీలు రెక్కలు విప్పాయి. నల్లోడిని తొట్లోకి వదిలితే తోక ఆ పైన తినుకోలేదు. మరుసటి శుక్రవారానికి అవ్వ వచ్చింది, రెట్టింపు శ్రద్ధగా కడిగింది. ఆదివారానికి తెల్లగీత మళ్లీ వచ్చింది. నేను, చిన్నాయన తొట్టి ముందర మోకాళ్ల మీద కూర్చుని ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. డాక్టరు అడిగిన మాటకు జవాబు అక్కడ ఉంది. మా జీవశాస్త్రం పుస్తకంలో మట్టిలో మేలుచేసే సూక్ష్మజీవుల గురించి ఒక పాఠం ఉండేది. గులకరాళ్లలో అవే ఉండి నీళ్లలో విషం విరుస్తూ ఉండవచ్చని, మేము వారం వారం వాటిని తోమి పారేస్తున్నామని నాకు తోచింది. "పాపా, ఇది మీ అవ్వకు చెప్పేదెవరు?" అన్నాడు చిన్నాయన. తాతను ఎదిరించినవాడు కూడా శుక్రవారాన్ని ఎదిరించాలంటే జంకాడు.

ఆ తరవాతి శుక్రవారం తెల్లవారకముందే ఆయన తొట్టికి అడ్డంగా నిలబడ్డాడు. వెనక నేను. చేతిలో చింతపండు ముద్దతో అవ్వ వచ్చింది.

"జరుగురా, పొద్దుపోతా ఉండాది."

"కడగొద్దమ్మా. ఈ పొద్దు నుంచి కడగొద్దు."

"వారం పూట ఇంట్లో మురికినీళ్లు పెట్టుకొని దీపం ఎట్లా పెట్టేది? నీకేమైనా పట్టిందా?"

నేను ముందుకొచ్చి పుస్తకంలోది చెప్పాను. కంటికి కనిపించని పురుగులని, అందులో మంచివి ఉంటాయని. మంచి పురుగులా అని అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. చదువు నా తలకెక్కిందని ఆ చూపులో తెలిసింది. చిన్నాయన అన్నాడు, "అంతా కడిగేస్తే కొత్తనీళ్లకు బలం రాదమ్మా. పాతవి కొన్ని ఉంటేనే కొత్తవి వాటి మాదిరి అవుతాయి. రాళ్లకు పట్టుకొని ఉండేది కడగకూడదు." అవ్వ చింతపండు ముద్ద చేతిలో నలుపుతూ నిలబడింది. అడ్డు తియ్యమని అరుస్తుందని అనుకున్నాను.

"అంటే తోడు మాదిరా?" అంది.

మా ఇంట్లో పెరుగు గిన్నె ఎన్నడూ పూర్తిగా ఖాళీ కాలేదు. అడుగున ఒక చెంచా మిగిలి ఉండేది, అది రేపటి పాలకు తోడు. అది మా అవ్వ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చిన తోడు. ఎవరైనా పొరపాటున గిన్నె నాకేస్తే ఆ పూట ఇల్లు పీకి పందిరేసేది. దీపం పెట్టాక ఇరుగుపొరుగుకు ఎంత అడిగినా తోడు ఇచ్చేది కాదు. తోడు మాదిరే అని చిన్నాయన తల ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు. అవ్వ తొట్టి వైపు చూసి, అడుగున నల్లగా పడి ఉన్న నల్లోడి వైపు చూసి, "ఆ మాట ముందే చెప్పేదానికి ఏమి? ఇన్నాళ్లూ వారం వారం తోడు పారబోస్తా ఉంటినే, ఆ జీవాలు పాపం ఏం తిని బతుకుతాయి" అని లోపలికి పోయింది. కడుపులో నుంచి వచ్చిన మాట అది.

ఆ రోజు నుంచి తొట్టికి మా కంటే గట్టి కాపలా ఆమె. కొంచెం నీళ్లే తియ్యాలి, ముందురోజు డ్రమ్ములో పట్టి బ్లీచింగు వాసన పోయిన నీళ్లే పొయ్యాలి, మిగిలినవి తోడు నీళ్లు, వాటి జోలికి పోకూడదు. సాయంత్రం దీపం పెట్టాక మాత్రం చుక్క నీరు తియ్యనిచ్చేది కాదు, అది తోడు కాబట్టి. అందులో శాస్త్రం లేదని చెప్పి గెలవలేక ఊరుకున్నాం. నల్లోడు సీసాలో ఉప్పునీళ్లలో ఉండి, బలం వచ్చాక తొట్లోకి వచ్చింది. ఈ లోపల బూతు ఆయన టేపు తెచ్చి గది కొలుచుకుని పోయాడు. తాత వద్దనలేదు. చిన్నాయన డ్రమ్ము నింపడానికి పోయాడు. ఆ మనిషిని సోమరి అని ఊరంతా అనేది. ఆ చలికాలంలో ఆయన ఒక్కరోజు కూడా తొట్టి పని మానకపోవడం నేను చూశాను.

ఇప్పుడు ఏ రోగానికైనా రంగురంగుల సీసాల్లో మందు దొరుకుతుంది, ఫోనులో ఫొటో పెడితే వంద సలహాలు వస్తాయి. మంచిదే. ఆ రోజుల్లో మాకు అవి ఉండి ఉంటే నల్లోడు అంత బాధ పడేది కాదు. పాతకాలమే గొప్పదని చెప్పడానికి నాకు నోరు రాదు, బట్టల నీలం పొట్లాం ఇంకా కళ్లముందుంది. ఒక్కటి మాత్రం అనిపిస్తుంది. ఒక కొత్త సంగతి మా ఇంట్లో అడుగుపెట్టాలంటే అవ్వ మాటల్లోకి రావలసి వచ్చేది. రావడానికి ఒక చలికాలం పట్టింది. వచ్చాక మళ్లీ పోలేదు.

ఉగాదికి ముందురోజు, మామిడాకులు కట్టే వేళ, తాత గల్లాపెట్టె వదిలి నడవలోకి వచ్చాడు. కళ్లజోడు పెట్టుకుని తొట్టి ముందు వంగాడు. మేమందరం గోడకు ఆనుకుని నిలబడ్డాం. అన్నిటినీ లెక్కపెట్టాడు. నల్లోడు తిరుగుతోంది, కానీ విసనకర్ర తోక ఉండవలసిన చోట మొండిగా కనిపించింది. "తోక యాడ?" అన్నాడు. చిన్నాయన టార్చి తెచ్చి తొట్టి వెనక నుంచి వెలిగించాడు. నల్లటి ఒంటి చివర గాజులాంటి పొర, గీతలు గీతలుగా, కొత్త తోక. రంగు ఇంకా పట్టలేదు. తాత వంగినచోట నుంచే అడిగాడు.

"దీన్ని ఎంతకు అమ్ముతావు?"

"దీన్ని అమ్మను నాయనా."

"అమ్మనని చెప్పేవాడు అంగడి ఎట్లా పెడతాడు?"

అంతా అయిపోయింది అనుకున్నాను. ఆ ఒక్క మాటతో గది బూతుకు పోయినట్టే. చిన్నాయన టార్చి ఆర్పలేదు.

"దీన్ని చూపించి మిగతావి అమ్ముతాను. కుళ్లిపోయిన తోకను నిలబెట్టినవాడు వీడని జనానికి తెలిస్తే, నా కాడికి కాక యాడికి పోతారు?"

తాత లేచి నిలబడ్డాడు. నడుముకు ఉన్న గుత్తి విప్పి, ఒక్కొక్క తాళంచెవినీ చూసి, పక్కగదిది ఊడదీశాడు. ఒరే, నాయాలా తప్ప ఇంకో పిలుపుతో చిన్నాయనను ఆయన పిలవగా నేను అంతవరకూ వినలేదు. మాట్లాడే మనుషులందరికీ పెట్టే ఆ చిన్న 'అప్పా'ను, పాలవాడికీ కూలివాడికీ కూడా పెట్టేదాన్ని, సొంత కొడుక్కు ఇవ్వకుండా అన్నేళ్లు దాచుకున్నాడు. తాళంచెవి పట్టుకున్న చెయ్యి చాపి, చిన్నాయన తడిచేతుల వైపు చూసి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ముందు చెయ్యి తుడుచుకోప్పా" అన్నాడు. "తుప్పు పడతాది."